సంతకం అయ్యాక మొదలయ్యే పని: ఫ్రాన్స్, జర్మనీల మధ్య ఒప్పందాలు ఏం చేశాయి, ఏం చేయలేకపోయాయి

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు చెప్పుకుంటాను. 1919 నాటి వెర్సాయ్ సంధి ఇరవై ఏళ్ళు తిరగకముందే చెల్లని కాగితమైంది, 1925 నాటి లొకార్నో ఒప్పందాలు పదకొండేళ్ళయినా నిలవలేదు, అలాంటప్పుడు యూరప్ దేశాల సంబంధాలను ఒప్పందాలు తీర్చిదిద్దుతాయనడం అతిశయోక్తి కాదా, నిజంగా పనిచేసేవి సైనిక బలమూ ఆర్థిక ప్రయోజనమూ మాత్రమే కదా అన్నది మీ సందేహం. డిగ్రీ విద్యార్థులకు పాతికేళ్ళపాటు ఆధునిక యూరప్ చరిత్ర చెప్పిన నాకు ఈ సందేహం దాదాపు ప్రతి ఏడాదీ ఎదురైంది. ఇందులో సగం న్యాయం ఉందని మొదటే ఒప్పుకుంటాను. ఒప్పందంలో రాసుకున్న మాట ఏ రాజ్యాన్నీ కట్టి పడేయలేదు. అయితే ఆ ఒప్పందం వల్ల ఇరుపక్షాల మంత్రులు, గుమాస్తాలు, న్యాయవాదులు, ఇంజనీర్లు వారం వారం కలిసి చేయవలసిన పని ఏదైనా పుట్టిందా లేదా అన్నదాన్ని బట్టి తరువాతి సంబంధం చాలావరకు మారింది. ఈ మాట నిలుస్తుందో లేదో చూడడానికి ఫ్రాన్స్, జర్మనీల కంటే మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు. అవే రెండు దేశాలు, అదే సరిహద్దు, అదే బొగ్గు. 1870 నుంచి 1945 లోపు మూడు యుద్ధాలు, ఆ తరువాత ఒక్కటీ లేదు.

1871 మే 10న కుదిరిన ఫ్రాంక్‌ఫర్ట్ సంధి దగ్గర మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే దాన్ని చాలామంది దాటేస్తారు. ఆ సంధి ప్రకారం ఫ్రాన్స్ అల్సాస్‌ను, బెల్ఫోర్ ప్రాంతం మినహా, పూర్తిగానూ, లొరేన్‌లో ఒక భాగాన్నీ జర్మనీకి వదులుకుంది. 500 కోట్ల ఫ్రాంకుల పరిహారం చెల్లించడానికి ఒప్పుకుంది. అది చెల్లించేవరకు ఫ్రాన్స్ నేల మీద జర్మన్ సేనలు ఉంటాయన్నది షరతు. ఫ్రాన్స్ బాండ్లు అమ్మి గడువు కంటే ముందే, 1873 సెప్టెంబరు నాటికి, ఆ సొమ్మంతా కట్టేసింది, సేనలు వెళ్ళిపోయాయి. అదే సంధిలోని 11వ అధికరణం రెండు దేశాలూ వాణిజ్యంలో ఒకదానికొకటి అత్యంత అనుకూల దేశ హోదాను (అంటే మరో దేశానికి ఇచ్చిన మంచి షరతులే దీనికీ ఇవ్వడం) గడువంటూ లేకుండా ఇచ్చుకోవాలని చెప్పింది, అది 1914 దాకా అమలులోనే ఉంది. అంటే చట్టం దృష్టితో చూస్తే ఫ్రాంక్‌ఫర్ట్ సంధి అక్షరాలా అమలైన సంధి. డబ్బు ఇంత అని అంకె ఉంది, తేదీ ఉంది, కాబట్టి డబ్బు గొడవ రెండేళ్ళలో తీరిపోయింది. తీరనిది అల్సాస్, లొరేన్‌ల సంగతి. అక్కడి ప్రజల అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు. ఫ్రెంచి పౌరులుగా మిగలదలచినవారు 1872 అక్టోబరు 1లోగా ఆ మాట ప్రకటించి సరిహద్దు దాటి వెళ్ళవలసి వచ్చింది. ఒప్పందం అమలు కావడం వేరు, దాని వల్ల సంబంధం కుదుటపడడం వేరు అన్న తేడా ఇక్కడే కనిపిస్తుంది.

ఇప్పుడు వెర్సాయ్. 1919 జూన్ 28న, సరిగ్గా 1871 జనవరిలో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించిన ఆ అద్దాల మందిరంలోనే, 440 అధికరణాల సంధి మీద జర్మన్ ప్రతినిధుల చేత సంతకం చేయించారు. ఈ సంధి మరీ కఠినమైనది కాబట్టే హిట్లర్ పుట్టుకొచ్చాడన్నది మన పాఠ్యపుస్తకాలలో పాతుకుపోయిన మాట. నేను దీన్ని పూర్తిగా అంగీకరించను. 1928 ఎన్నికలలో నాజీ పార్టీకి దక్కినవి 2.6 శాతం ఓట్లు, 1930లో 18.3 శాతం. ఈ రెండేళ్ళలో సంధి కఠినతరం కాలేదు సరికదా, మెత్తబడింది. రైన్ నదికి ఆనుకున్న జర్మన్ ప్రాంతం రైన్‌ల్యాండ్‌లోని ఫ్రెంచి సేనలు గడువు కంటే అయిదేళ్ళు ముందుగా 1930 జూన్‌లో వెళ్ళిపోయాయి. మారినది ఆర్థిక పరిస్థితి. నష్టపరిహారం సంగతి కూడా అంతే: 1921లో నిర్ణయించిన 13,200 కోట్ల గోల్డ్ మార్కులలో 8,200 కోట్లు మూడో తరగతి బాండ్ల రూపంలో ఉన్నవి, వాటిని జర్మనీకి చెల్లించే శక్తి వచ్చినప్పుడు చూద్దామని పక్కన పెట్టినవి; అవి వసూలవుతాయని లెక్కలు వేసినవారిలోనే నమ్మకం లేదు. 1932 జులైలో లోజాన్ సమావేశంలో నష్టపరిహారం కథ దాదాపుగా ముగిసింది. హిట్లర్ ఛాన్సలర్ అయినది దాని తరువాత, 1933 జనవరి 30న.

అయితే వెర్సాయ్‌లో లోపం లేదా అంటే ఉంది, కానీ అది 440 అధికరణాలలో కనిపించదు. అదే రోజున ఫ్రాన్స్‌తో బ్రిటన్ ఒక ఒప్పందం, అమెరికా మరొక ఒప్పందం చేసుకున్నాయి. జర్మనీ అకారణంగా దాడి చేస్తే ఫ్రాన్స్‌కు సాయం వస్తామన్నది వాటి సారాంశం. సరిహద్దును రైన్ నది దాకా జరపాలని మార్షల్ ఫోష్ పట్టుబట్టినప్పుడు ప్రధాని క్లెమాన్సో ఆ కోరిక వదులుకున్నది ఈ హామీని నమ్ముకునే. అమెరికన్ సెనేట్ వెర్సాయ్ సంధినే తిరస్కరించింది, హామీ ఒప్పందాన్ని ఓటింగుకైనా తేలేదు. బ్రిటన్ ఒప్పందం అమెరికా ఒప్పందం అమలయితేనే అమలవుతుందన్న షరతుతో ఉంది కాబట్టి అదీ పోయింది. ఫ్రాన్స్ చేతిలో మిగిలింది ఏమిటి? జర్మనీ మీద హక్కులు కోకొల్లలు, వాటిని నిలబెట్టడానికి తోడు వచ్చేవారు లేరు. ఒంటరిగా హక్కులు వసూలు చేసుకోవలసిన వాడు ఏం చేస్తాడో 1923 జనవరి 11న తెలిసింది: కలప, బొగ్గు సరఫరాలో జర్మనీ బకాయి పడిందన్న కారణంతో ఫ్రెంచి, బెల్జియన్ సేనలు జర్మనీ బొగ్గుగనుల ప్రాంతమైన రూర్‌ను ఆక్రమించాయి. గనుల కార్మికులు పనులు మానేశారు, జర్మన్ ప్రభుత్వం వారికి నోట్లు అచ్చువేసి జీతాలిచ్చింది, మార్కు విలువ గాలిలో కలిసింది, మరుసటి ఏడాదికి ఫ్రాంకు కూడా దెబ్బతింది. బొగ్గు కోసం సైన్యాన్ని పంపితే రెండు కరెన్సీలు నష్టపోయాయి. ఈ 1923ను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

లొకార్నో ఒప్పందాల వాతావరణం వేరు. 1925 అక్టోబరులో స్విట్జర్లాండ్‌లోని ఆ చిన్న ఊళ్ళో జర్మనీని మొదటిసారిగా సమానస్థాయిలో కూర్చోబెట్టి మాట్లాడారు. ఫ్రాన్స్ తరఫున బ్రియాన్, జర్మనీ తరఫున స్ట్రెజమన్ మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నారు. జర్మనీ తన పడమటి సరిహద్దును తనంతట తాను అంగీకరించింది, రైన్‌ల్యాండ్‌లో సైన్యం ఉంచనని మళ్ళీ మాట ఇచ్చింది, బ్రిటన్, ఇటలీ పూచీ పడ్డాయి. తూర్పున పోలెండ్, చెకోస్లొవేకియాలతో ఉన్న సరిహద్దుల విషయంలో మాత్రం అలాంటి అంగీకారం లేదు, మధ్యవర్తిత్వ ఒప్పందాలతో సరిపెట్టారు. ఒక గుమ్మానికి తాళం వేసి పక్క గుమ్మానికి తలుపే పెట్టనట్టు అయింది. అంతకంటే పెద్ద చిక్కు పూచీదారు స్థానంలో ఉంది. బ్రిటన్ ఇటు ఫ్రాన్స్‌కూ అటు జర్మనీకీ సమానంగా పూచీ ఇచ్చింది కాబట్టి, దాడి ఎవరు చేస్తారో ముందుగా చెప్పలేని స్థితిలో, ఫ్రెంచి సేనాధిపతులతో కూర్చుని ముందస్తు ప్రణాళిక వేసుకునే వీలు లేకుండా పోయింది. ఏ కార్యాలయమూ పుట్టలేదు, ఏ సంయుక్త పటమూ గీయలేదు. 1936 మార్చి 7న ఫ్రాన్స్, సోవియట్ యూనియన్‌ల ఒప్పందాన్ని సాకుగా చూపి హిట్లర్ రైన్‌ల్యాండ్‌లోకి సైన్యాన్ని పంపినప్పుడు, పన్నెండు రోజుల తరువాత నానాజాతి సమితి మండలి లండన్‌లో సమావేశమై జర్మనీ ఒప్పందాన్ని ఉల్లంఘించిందని తీర్మానించింది. తీర్మానం వచ్చింది, సైన్యం అక్కడే ఉంది.

మీ వాదనలోని సగం న్యాయం ఇక్కడ బలంగా కనిపిస్తుంది. బలం వెనుక లేని ఒప్పందం నిలవలేదు. 1945 తరువాత కథ మారడానికి కూడా మొదటి కారణం బలమే: 1919లో ఫ్రాన్స్‌కు అందకుండా పోయిన అమెరికన్ హామీ 1949 ఏప్రిల్ 4న నాటో ఒప్పందం రూపంలో ముప్పై ఏళ్ళు ఆలస్యంగా అందింది. సోవియట్ భయం, యుద్ధం తరువాత యూరప్‌కు అమెరికా ఇచ్చిన మార్షల్ ప్రణాళిక డబ్బు, పశ్చిమ జర్మనీని ఇంకెంతకాలం కట్టడి చేస్తారో తేల్చమని ఫ్రాన్స్ మీద అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్ తెచ్చిన ఒత్తిడి, ఇవన్నీ లేకపోతే 1950లో జరిగినది జరిగేది కాదు. అయితే ఈ బలాలన్నీ ఉన్నా ఫలితం మరో రకంగా ఉండగలిగేది. అమెరికా గొడుగు కింద ఉంటూనే రెండు దేశాలూ ముఖం చాటేసుకుని బతకవచ్చు. గ్రీస్, టర్కీలు ఒకే కూటమిలో ఉండీ ఎలా ఉన్నాయో చూస్తూనే ఉన్నాం. తేడా తెచ్చినది బొగ్గు, ఉక్కు ఒప్పందం అని నా అభిప్రాయం, అందుకే దాని మీద కాస్త ఎక్కువసేపు నిలుస్తాను.

1950 మే 9న ఫ్రెంచి విదేశాంగ మంత్రి రోబేర్ షూమన్ చదివిన ప్రకటన రాసినది ప్రధానంగా జాన్ మొనే, ఆయన చుట్టూ ఉన్న కొద్దిమంది. షూమన్ జీవితమే ఒక సరిహద్దు కథ: తండ్రిది లొరేన్, పుట్టినది లక్సెంబర్గ్‌లో, చదువు జర్మన్ విశ్వవిద్యాలయాలలో, 1919 దాకా ఆయన జర్మన్ పౌరుడు, ఆ తరువాత ఫ్రెంచి పార్లమెంటు సభ్యుడు. రైన్ తీరపు కొలోన్ నగరానికి ఒకప్పుడు మేయరుగా చేసిన పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడనౌర్‌తో ఆయన దుబాసీ లేకుండా మాట్లాడుకోగలిగేవాడు. 1951 ఏప్రిల్ 18న పారిస్‌లో ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ సంతకాలు చేశాయి. 1952 జులై 23న అమలులోకి వచ్చిన ఆ ఒప్పందానికి 50 ఏళ్ళ గడువు పెట్టారు, అది సరిగ్గా 2002 జులై 23న ముగిసింది. శాశ్వతం అని గొప్పగా రాసుకున్న సంధులు పదేళ్ళలో పోగా, గడువు పెట్టుకున్నది గడువు దాకా బతకడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

ఇందులో శాంతి గురించిన మాటలు పీఠికలోనే అయిపోతాయి. తరువాతదంతా ధరలు, రవాణా ఛార్జీలు, కోటాలు, జరిమానాలు. లక్సెంబర్గ్‌లో తొమ్మిదిమంది సభ్యులతో హై అథారిటీ అనే సంస్థను పెట్టారు. సభ్యులు తమ ప్రభుత్వాల ఆదేశాలు తీసుకోకూడదు. దాని నిర్ణయాలు ఆరు దేశాలలోని కంపెనీలకు నేరుగా వర్తిస్తాయి. ఖర్చులకు ప్రభుత్వాల దగ్గర చేయి చాచకుండా, ఉత్పత్తి అయిన బొగ్గు, ఉక్కు మీద అదే స్వయంగా సుంకం వసూలు చేసుకుంటుంది. దాని మీద మంత్రుల మండలి, పార్లమెంటు సభ్యుల సభ, అన్నిటికీ మించి ఒక న్యాయస్థానం. ఇప్పుడు 1923ను గుర్తు చేసుకోండి. కంపెనీలు ప్రకటించిన ధరల నుంచి 2.5 శాతం దాకా అటూ ఇటూ జరగవచ్చని హై అథారిటీ వెసులుబాటు ఇచ్చినప్పుడు అది తన పరిశ్రమకు నష్టమని ఫ్రాన్స్ భావించింది. రూర్ మీదికి ఎవరినీ పంపలేదు. న్యాయస్థానంలో దావా వేసింది. 1954 డిసెంబరు 21న ఆ న్యాయస్థానం ఇచ్చిన మొట్టమొదటి తీర్పు ఆ దావాలోదే, అందులో ఫ్రాన్స్ నెగ్గింది. ముప్పై ఏళ్ళ క్రితం సేనాధిపతులు తేల్చబోయిన తరహా వివాదాన్ని నల్ల గౌన్లు వేసుకున్న న్యాయవాదులు తేల్చారు. గెలుపోటముల కంటే ముఖ్యం, ఫ్రాన్స్ దావాకు జవాబు చెప్పవలసినది జర్మనీ కాక ఉమ్మడి సంస్థ కావడం.

పల్లెటూళ్ళో పుట్టినవారికి ఈ తేడా ఇంకా సులువుగా తెలుస్తుంది. రెండు పొలాల మధ్య రాయి పాతి వెళ్ళిన సర్వేయరు తగాదాను తీర్చినట్టే కనిపిస్తాడు, కానీ ఆ రాయి ప్రతి దున్నకాలానికీ కొంచెం జరుగుతూనే ఉంటుంది. ఒకే కాలువ నుంచి వంతులవారీగా నీళ్ళు పెట్టుకునే ఇద్దరు రైతులకు ఇష్టం ఉన్నా లేకపోయినా ప్రతి వంతుకూ ఒకరి మొహం ఒకరు చూడక తప్పదు. లొకార్నో పాతినది రాయి, పారిస్ తవ్వినది కాలువ.

ఈ పద్ధతి పెట్టిన ప్రతి చోటా పండిందని అనుకోకండి. అదే ఆరు దేశాలు 1952 మేలో ఉమ్మడి సైన్యం కోసం చేసుకున్న ఒప్పందాన్ని 1954 ఆగస్టు 30న ఫ్రెంచి జాతీయ సభ 264కు 319 ఓట్లతో పక్కన పెట్టింది. దాన్ని ప్రతిపాదించిన దేశమూ ఫ్రాన్సే. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్ళయిన చోట బొగ్గును ఉమ్మడి చేతుల్లో పెట్టడానికి సిద్ధపడిన సభ్యులు సైన్యాన్ని పెట్టడానికి సిద్ధంగా లేరు, అంతే.

అసలైన పరీక్ష సార్ ప్రాంతం రూపంలో వచ్చింది, దీన్ని గురించి తెలుగులో రాసినది నాకు పెద్దగా కనిపించలేదు. బొగ్గుగనులతో నిండిన ఈ చిన్న జర్మన్ ప్రాంతాన్ని వెర్సాయ్ సంధి 15 ఏళ్ళు నానాజాతి సమితి పాలనలో ఉంచి, గనులను ఫ్రాన్స్‌కు ఇచ్చింది. 1935 జనవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 90 శాతానికి పైగా జర్మనీవైపు ఓటు వేశారు, నాజీలు దాన్ని తమ విజయంగా ఊరేగించారు. రెండో యుద్ధం తరువాత ఫ్రాన్స్ దాన్ని మళ్ళీ జర్మనీ నుంచి విడదీసి తన ఆర్థిక వ్యవస్థలో కలుపుకుంది. 1954లో అడనౌర్, ఫ్రెంచి ప్రధాని మాండెస్ ఫ్రాన్స్ కలిసి సార్‌కు ‘యూరోపియన్’ హోదా ఇద్దామని ఒప్పుకున్నారు, ప్రజలను అడిగారు. 1955 అక్టోబరు 23న 67.7 శాతం మంది వద్దన్నారు. ఇరవై ఏళ్ళ క్రితమైతే ఇది సంక్షోభం. ఈసారి ఏడాదిపాటు బేరసారాలు జరిగి 1956 అక్టోబరు 27న లక్సెంబర్గ్‌లో ఒప్పందం కుదిరింది: 1957 జనవరి 1 నుంచి సార్ జర్మనీలో ఒక రాష్ట్రం. బదులుగా ఫ్రాన్స్‌కు ఏం దక్కింది? వార్న్ట్ ప్రాంతంలో కొంతకాలం బొగ్గు తవ్వుకునే హక్కు, దానితోపాటు మోజెల్ నది. లొరేన్ ఉక్కు మిల్లులు రైన్ నదిలోకి పడవ మీద సరుకు పంపలేక దశాబ్దాలుగా ఇబ్బంది పడుతున్నాయి; జర్మనీ దాన్ని ఎప్పటినుంచో అడ్డుకుంటోంది. అదే రోజు చేసుకున్న మరో ఒప్పందంలో తియోన్‌విల్ నుంచి కోబ్లెంజ్ దాకా సుమారు 270 కిలోమీటర్ల నదిని పెద్ద పడవలకు అనువుగా మార్చడానికి ఒప్పుకున్నారు. 1964 మేలో ఫ్రెంచి అధ్యక్షుడు డి గాల్, జర్మన్ అధ్యక్షుడు ల్యూబ్కే, లక్సెంబర్గ్ పాలకురాలు గ్రాండ్ డచెస్ షార్లొట్ కలిసి పడవలో ప్రయాణించి దాన్ని ప్రారంభించారు. ఒక ప్రాంతాన్ని పోగొట్టుకున్న దేశం లాకులూ ఆనకట్టలూ తీసుకుని తృప్తిగా ఇంటికి వెళ్ళడం యూరప్ చరిత్రలో కొత్త. బొగ్గు అప్పటికే ఉమ్మడి మార్కెట్టులో ఉంది కాబట్టి గనులు ఎవరి జెండా కింద ఉన్నాయన్న ప్రశ్నకు పదును తగ్గిపోవడం వల్లనే అది సాధ్యమైంది. ఇప్పుడు సార్‌బ్రూకెన్ నుంచి బయలుదేరే ట్రామ్ సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని సార్‌గెమిన్ స్టేషన్లో ఆగుతుంది.

ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల స్నేహ ఒప్పందంగా అందరికీ తెలిసిన ఎలీజే ఒప్పందం దీని తరువాతది, 1963 జనవరి 22న చేసుకున్నది. దాన్ని గురించి వార్షికోత్సవాలలో చెప్పే మాటలకూ నిజంగా జరిగినదానికీ చాలా దూరం ఉంది. అమెరికా ప్రాబల్యం నుంచి పశ్చిమ జర్మనీని కాస్త తనవైపు తిప్పుకోవాలని డి గాల్ ఉద్దేశం. సరిగ్గా ఎనిమిది రోజుల ముందు ఆయన బ్రిటన్‌ను ఆ ఆరు దేశాల ఉమ్మడి మార్కెట్టులోకి రానివ్వనని ప్రకటించాడు. మొదట దీన్ని మామూలు ప్రోటోకాల్‌గా రాద్దామనుకుని, చివరి రోజుల్లో పార్లమెంటు ఆమోదం అవసరమయ్యే ఒప్పందంగా మార్చారు. జర్మన్ పార్లమెంటు ఆ అవకాశాన్ని వాడుకుని ఆమోద చట్టానికి ఒక పీఠిక తగిలించింది: నాటో, అమెరికాతో సన్నిహిత సంబంధం, బ్రిటన్ ప్రవేశం, డి గాల్ దేనినైతే దూరం పెట్టాలనుకున్నాడో అవే అందులో ఉన్నాయి. ఒప్పందాలు అమ్మాయిల్లా, గులాబీల్లా ఉన్నన్నాళ్ళే ఉంటాయని ఆయన జులైలో నిట్టూర్చినది అందుకే. గులాబీ తోట పెంచడంలో ఆరితేరిన అడనౌర్‌కు ఆ ఉపమానం నచ్చలేదు. అక్టోబరులో అడనౌర్ దిగిపోయాడు, వారసుడు ఎర్హార్డ్‌కు డి గాల్‌తో పొసగలేదు. రాజకీయ లక్ష్యంతో కొలిస్తే మొదటి ఏడాదే విఫలమైన ఒప్పందం ఇది.

కానీ అందులో ఒక పొడి వాక్యం ఉంది: దేశాధినేతలు ఏడాదికి కనీసం రెండుసార్లు, విదేశాంగ మంత్రులు మూడు నెలలకొకసారి కలవాలి. ఇష్టం లేని ఏళ్ళలో కూడా కలిశారు. 1965లో ఫ్రాన్స్ ఉమ్మడి మార్కెట్టు బ్రస్సెల్స్ సమావేశాలను బహిష్కరించినప్పుడూ, 1966లో నాటో సైనిక విభాగం నుంచి బయటికి వచ్చినప్పుడూ ఆ క్యాలెండరు ఆగలేదు. ఏడాదికి రెండు సమావేశాలంటే వాటికి ముందు రెండు నెలలు రెండు దేశాల అధికారులూ ఎజెండా కోసం ఫోన్లు చేసుకోవాలి. చెప్పుకోవడానికి ఏదో ఒకటి సాధించి ఉండాలి. ఆ ఖాళీ గిన్నెలో 1970లలో ఫ్రెంచి అధ్యక్షుడు జిస్కార్ దెస్తాన్, జర్మన్ ఛాన్సలర్ ష్మిట్ యూరోపియన్ ద్రవ్య వ్యవస్థను వండారు. అదే ఒప్పందం నుంచి 1963లోనే పుట్టిన యువజన కార్యాలయం ద్వారా ఇప్పటిదాకా 90 లక్షలకు పైగా యువతీయువకులు అటూ ఇటూ వెళ్ళివచ్చారు. 2000 డిసెంబరులో నీస్ నగరంలో యూరోపియన్ యూనియన్‌లో ఓట్ల పంపిణీ గురించి ఫ్రెంచి అధ్యక్షుడు షిరాక్, జర్మన్ ఛాన్సలర్ ష్రోడర్ బాహాటంగా గొడవపడినప్పుడు మందు కూడా అదే పద్ధతిలో వెతికారు: 2001 జనవరిలో అల్సాస్‌లోని బ్లేజైమ్‌ అనే ఊళ్ళో భోజనానికి కలిసి, ఇకపై ఆరెనిమిది వారాలకొకసారి ఇలాగే కలుద్దామనుకున్నారు.

మీరు అడగబోయే తరువాతి ప్రశ్న నాకు తెలుసు: ఇదే పద్ధతి పోలెండ్ విషయంలో ఎందుకు అంత పండలేదు? అక్కడ కూడా కాగితాలు ఉన్నాయి. ఓడర్, నైసె నదుల సరిహద్దును తూర్పు జర్మనీ 1950లోనే ఒప్పుకుంది. పశ్చిమ జర్మనీ 1970 డిసెంబరులో, ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో మోకరిల్లిన రోజున, ఒప్పుకున్నా, అది రేపటి ఐక్య జర్మనీకి వర్తించదన్న మెలిక మిగిలింది. 1990 సెప్టెంబరు 12న మాస్కోలో రెండు జర్మనీలూ నాలుగు విజేత దేశాలూ చేసుకున్న ఒప్పందం ఆ మెలిక విప్పమని కోరింది. నవంబరు 14న సరిహద్దు ఒప్పందం, 1991 జూన్ 17న మంచి పొరుగు ఒప్పందం వచ్చాయి, రెండోది చాలావరకు ఎలీజే నమూనాయే, యువజన కార్యాలయంతో సహా. సరిహద్దు గొడవ నిజంగానే ముగిసిపోయింది, అది చిన్న విషయం కాదు. కానీ 2018 నవంబరు నుంచి 2024 జులై దాకా రెండు ప్రభుత్వాల వార్షిక సంప్రదింపులు జరగనే లేదు, 2022లో పోలెండ్ యుద్ధ నష్టపరిహారం లెక్క మళ్ళీ బయటికి తీసింది. క్యాలెండరు రాసి ఉంటే చాలదు. సమావేశం ఎగ్గొడితే ఇరుపక్షాలకూ ఖరీదు తెలియాలి. ఫ్రాన్స్, జర్మనీల మధ్య ఆ ఖరీదును ముందు బొగ్గు, తరువాత ఉమ్మడి మార్కెట్టు, ఆ తరువాత ఉమ్మడి కరెన్సీ నిర్ణయించాయి. పోలెండ్‌కు ఆ బంధం 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక గాని మొదలు కాలేదు.

గట్టిపడిన బంధానికి కూడా పరీక్షలు వస్తాయి. 2019 జనవరి 22న ఆహెన్‌లో మాక్రాన్, మెర్కెల్ సంతకం చేసిన కొత్త ఒప్పందం సరిహద్దు జిల్లాల కోసం ఒక ఉమ్మడి కమిటీ పెట్టింది. యాభై మంది చొప్పున రెండు దేశాల సభ్యులతో ఒక పార్లమెంటరీ సభ కూడా విడిగా ఏర్పడింది. ఏడాది తిరగ్గానే, 2020 మార్చి 16న, కరోనా భయంతో జర్మనీ ఫ్రాన్స్ సరిహద్దులో తనిఖీలు మొదలుపెట్టింది. రోజూ అవతలికి పనికి వెళ్ళే వేలమంది చిన్న దారులు మూసేయడంతో చుట్టూ తిరిగి వెళ్ళవలసి వచ్చింది, కొందరికి అవమానాలూ ఎదురయ్యాయి. అదే నెలలో సార్‌ల్యాండ్, బాడెన్ వుర్టెంబెర్గ్ ఆసుపత్రులు అల్సాస్, లొరేన్ నుంచి ఊపిరందని రోగులను చేర్చుకున్నాయి. ఈ రెండూ నిజమే. సరిహద్దు మూయాలన్న నిర్ణయం దూరాన ఉన్న రాజధానిలో జరిగింది. పడకలు ఇద్దామన్న నిర్ణయం సరిహద్దుకు ఆనుకుని ఉండి, అవతలివాళ్ళ ఫోన్ నంబర్లు ముందే తెలిసిన ప్రాంతీయ ప్రభుత్వాల దగ్గర జరిగింది.

చివరగా, 2025 మే 9న ఫ్రాన్స్, పోలెండ్ నాన్సీ నగరంలో చేసుకున్న ఒప్పందం గురించి కూడా మీరు అడిగారు. ఊరి ఎంపిక బాగుంది. పోలెండ్ సింహాసనం పోగొట్టుకున్న స్తనిస్వావ్ రాజు లొరేన్ డ్యూక్‌గా చివరి రోజులు గడిపిన నేల అది. దాడి జరిగితే పరస్పరం సాయపడాలన్న అధికరణాన్నే పత్రికలన్నీ పతాక శీర్షికలుగా పెట్టాయి, రష్యా యుద్ధం నేపథ్యంలో అది సహజమే. నేనైతే ఆ అధికరణాన్ని రెండోసారి చదివేటప్పుడు చూస్తాను. ఏటా శిఖరాగ్ర సమావేశం జరపాలన్న షరతు ఉంది, దాని కింద ఏ మంత్రిత్వ శాఖలు, ఎంత తరచుగా కలుస్తాయి, ఏ పనికి ఎవరు డబ్బు పెడతారు, తేడా వస్తే ఎవరి దగ్గరికి వెళతారు అన్నవి నాకు ముందు కావాలి. వచ్చే రెండు మూడు ఏళ్ళలో పారిస్‌లోనో వార్సాలోనో ప్రభుత్వం మారుతుంది. అప్పుడు ఆ ఏడాది సమావేశం జరిగిందో లేదో చూడండి.